మనసార ఆరాధన

ఆరాధనకు ఈ కొండా, యెరూషలేమా అని సమరయ స్త్రీ మాట ఎత్తినది. యేసు ప్రభువు స్థలమును పక్కకు నెట్టి, హృదయమును ముందు పెట్టినారు.

నాటి మద్రాసులో 1941లో భక్త్ సింగ్‌గారు యెహోవా షమ్మా సంఘమును నెలకొల్పినప్పుడు ఈ మాట కంటికి కనబడినది. ఆయన 1903లో సిక్కు కుటుంబములో పుట్టిన పంజాబీ. అక్కడ బెంచీలు లేవు; నేలమీద చాపలు. వ్రాసిపెట్టిన ప్రార్థన చదువుట లేదు. కూలివాడైనా తన స్వంత మాటలతో దేవుని స్తుతించవచ్చును. తరువాత అందరికీ కలిసి భోజనము. గుమాస్తాలమైన మాబోటివారికి ఇది కొంచెము కష్టమే. దరఖాస్తుకు నమూనా ఉండును గాని స్తుతికి ఏది?

అలాగని అచ్చు కీర్తనలలో హృదయము ఉండదని మేము అనము. పురుషోత్తమ చౌదరిగారు 19వ శతాబ్దములో వ్రాసిన కీర్తనలు నేటికీ మన గుడులలో పాడుచునే ఉన్నాము. చిక్కల్లా పిల్లలతోనే. తెలుగు లిపి రాక, ఇంగ్లీషు అక్షరములలో వ్రాసుకొని పాడుచున్నారు. రాగము తప్పరు, అర్థమడిగితే తల దించుకొందురు. తెలియని మాటకు మనసు ఎట్లు కరుగును?

శనివారము రాత్రి కుటుంబ ప్రార్థనలో పెద్దలు ఒక్క చరణము విడమరచి చెప్పవలెను. ఆ పిమ్మట పిల్లవాడు తమిళములో ప్రార్థన చేసినా దిద్దవద్దు.