మీకు తెలుసా? మన జన్యువుల పటం ఫోన్‌లోనే చూడొచ్చు
చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కు చదువుకునేవాళ్ల ఫోన్‌లోనూ మనిషి జన్యుపటం తెరుచుకుంటుంది, పైసా ఖర్చు లేకుండా! కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (శాంతాక్రజ్) వారి జీనోమ్ బ్రౌజర్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో ‘బీసీహెచ్ఈ’ (BCHE) అని కొట్టండి. 3వ క్రోమోజోమ్ మీద ఆ జన్యువు ఎక్కడుందో చూపిస్తుంది; పెద్దది చేస్తూ పోతే ఏ, టీ, జీ, సీ అక్షరాలు విడివిడిగా కనిపిస్తాయి.

మన తెలుగువాళ్లు తెలుసుకోవాల్సిన జన్యువిది. ఇందులో ఒక్క అక్షరం మార్పు కొన్ని ఆర్యవైశ్య కుటుంబాల్లో ఉంది. అది అమ్మానాన్నలిద్దరి నుంచీ వచ్చినవారికి ఆపరేషన్‌లో కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ మందు ఇస్తే కండరాలు గంటల తరబడి కదలవు, ఊపిరికీ యంత్రమే దిక్కు. ఇంట్లో ఎవరికైనా అలా జరిగుంటే మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి.

మన దేశవాసుల జన్యువులను చదివిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ కూడా పాలుపంచుకుంది. ఆ సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు తెరిచారు. బ్రౌజర్‌లోని పటంలా అందరికీ కాదు, దరఖాస్తు పెట్టుకుంటేనే ఇస్తారు. మనుషుల సొంత వివరాలు కాబట్టి అది న్యాయమే.