పొలము కథ: కవిలెలో ఉన్నది, లేనిది

ఒడియా నవలాకారుడు ఫకీర్ మోహన్ సేనాపతి తన నవలకు పెట్టిన పేరు ‘ఛ మాణ ఆఠ గుంఠ’ ఒక చేని కొలత. ఆ చెక్క ఒక నేతగాని చేతినుండి జమీందారు చేతికి పోవుటయే ఆ కథకు ఇరుసు. తెలుగుదేశమున ఒక కుటుంబపు కమతమును తరతరములుగా వెదకదలచిన రచయిత ఏ పత్రములను విప్పవలెను?

కరణముల దండకవిలెలును, వాని ఆధారమున మెకంజీ సేకరింపజేసిన కైఫీయతులును గ్రామమును గుఱించి చెప్పినంతగా కమతమును గుఱించి చెప్పవు. కమతము వఱకు దిగివచ్చు పత్రము శిస్తుతో పుట్టినది. దత్తమండలములలో 1800 నుండి 1807 వఱకు మన్రో నడిపిన ఏర్పాటులో పొలమును కొలిచి రైతు పేర శిస్తు కట్టిరి. సర్కారు జిల్లాలలో 1802 నాటి శాశ్వత శిస్తు ఏర్పాటు జమీందారును ముందు నిలిపినది. అచ్చటి రైతును జమీందారీ దస్త్రములలో వెదకవలెను. మాన్యమైనచో 1858లో ఏర్పడిన ఇనాము కమిషను రిజిస్టరులు ఉపకరించును.

అడంగలులో సంవత్సరము ఫసలీలో ఉండును. 1364 ఫసలీ యనగా 1954 జూలై మొదలు 1955 జూన్ వఱకు. 590 కలిపిన చాలును. ఈ కూడిక మఱచిన నవలాకారుడు తన తాతను రెడ్డిరాజుల కాలమునకు పంపగలడు!

ఈ పత్రములన్నియు శిస్తు ఎవరు కట్టవలెనో తెలియుటకు వ్రాసినవి. ఎవరు దున్నిరో తెలియుటకు గాదు. తెలంగాణములో 1954–55 నాటి ఖాస్రా పహాణీ ఈ విషయమున విలువైనది. పట్టాదారు ఒక గడిలోను, అనుభవదారు మఱియొక గడిలోను ఉందురు. ఒకే సర్వే నంబరు ఎదుట రెండు పేర్లు కనబడినచోట కథ మొదలగును. పాలేరునకు మాత్రము ఏ గడియు లేదు.

ఆడువారి సంగతియు ఇంచుమించు అంతే. హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కొడుకుతోబాటు పుట్టుకతోనే హక్కు ఆంధ్రప్రదేశమున అవివాహితలైన కుమార్తెలకు 1985 సవరణతోను, దేశమంతట కుమార్తెలకు 2005 సవరణతోను వచ్చినది. అంతకు ముందు పసుపుకుంకుమ క్రింద నోటిమాటగా ఇచ్చిన చెక్క అన్నదమ్ముల పట్టాలోనే ఉండిపోవచ్చును. విధవరాలి పేరు కొడుకు పెద్దవాడగు వఱకు నిలిచి మాయమగుటయు కలదు.

కాగితము వదలినది నోటిలో మిగులును. మంగలి మాన్యము చేతులు మారినను మంగలి మాన్యమే. ఆడపడుచుకు ఇచ్చిన చెక్కను పట్టా ఎవరిదైనను ఆమె పేరనే పిలుతురు. 1984లో కరణపు పదవి పోయిన పిదప పాత కట్టను విప్పి చదివి చెప్పువారును అరుదైరి. నేటి కంప్యూటరు పత్రము సర్వే నంబరును చూపును గాని, ఈ పేరును చూపదు.

కావున కార్యాలయమునకు పోవుటకు ముందే, ఆ చేనిలో నాట్లు వేసిన ముసలమ్మను ‘ఈ మడిని ఏమందురు, అవ్వా?’ అని అడిగి, ఆమె చెప్పిన పేరును సర్వే నంబరు ప్రక్కన వ్రాసికొనవలెను.