ఉదరంలో అండాశయ క్యాన్సర్ వ్యాప్తి: ఎడతెగని ఉబ్బరాన్ని ఉపేక్షించరాదు

అండాశయ క్యాన్సర్ తొలిదశలో పెద్దగా బాధ కలిగించదు. అందువల్ల అది ఉదరమంతటా పాకిన తర్వాతనే ఎక్కువ మందిలో బయటపడుతుంది. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల గ్రామాలలో మహిళలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో కూడా తొలి వైద్యం అందుతుంది కనుక, ఈ వ్యాధి వ్యాపించే తీరును అక్కడి సిబ్బంది గ్రహించడం అత్యవసరం.

అనేక క్యాన్సర్లు రక్తం ద్వారా దూర భాగాలకు చేరుతాయి. అండాశయ క్యాన్సర్ ప్రధానంగా ఉదరకుహరంలోని ద్రవం ద్వారా వ్యాపిస్తుంది. కణితి ఉపరితలం నుంచి విడివడిన కణాలు చిన్న గుంపులుగా ఈ ద్రవంలో తేలుతాయి. శ్వాసక్రియ వల్ల ద్రవం పైకి కదిలినప్పుడు, అవి ఉదరం కుడి పక్కగా కాలేయం పైభాగానికి, డయాఫ్రం అడుగుకు చేరుతాయి. పేగులను కప్పి ఉండే కొవ్వు పొరపై కూడా అతుక్కొని, అక్కడి కొవ్వు నుంచి శక్తి పొంది పెరుగుతాయి.

ఈ కణాలు ద్రవాన్ని పీల్చుకొనే శోషరస నాళాలను మూసివేస్తాయి. రక్తనాళాల నుంచి ద్రవం అధికంగా ఊరేలా కూడా చేస్తాయి. ఫలితంగా పొట్టలో నీరు చేరుతుంది. ఆ నీటిని తీసివేసినంత మాత్రాన వ్యాధి నయం కాదు. దానిని కణ పరీక్షకు పంపించాలి. ఉదర క్షయలోనూ నీరు చేరి, సి.ఎ.-125 పెరగవచ్చు కనుక ఆ ఒక్క రక్త పరీక్షతో నిర్ధారణకు రాకూడదు.

లక్షణాలు లేని మహిళలందరికీ సిఫార్సు చేయదగిన ముందస్తు పరీక్ష ఏదీ లేదు. అందువల్ల లక్షణాలే కీలకం. పొట్ట ఉబ్బరం, కొద్దిగా తినగానే కడుపు నిండినట్లుండడం, పొత్తికడుపు నొప్పి, తరచు మూత్రవిసర్జన వంటివి కొత్తగా మొదలై రెండు, మూడు వారాలైనా తగ్గకుంటే, ముఖ్యంగా 50 ఏళ్లు దాటినవారికి, గ్యాస్ మాత్రలతో సరిపెట్టక అల్ట్రాసౌండ్ పరీక్ష చేయించాలి. కుటుంబంలో రొమ్ము లేక అండాశయ క్యాన్సర్ ఉన్నవారు మరింత జాగ్రత్త వహించాలి.

అమెరికా గణాంకాల ప్రకారం, అండాశయానికే పరిమితమైన దశలో గుర్తించిన ప్రతి పది మందిలో దాదాపు తొమ్మిది మంది ఐదేళ్లకు పైగా జీవిస్తున్నారు. దూర భాగాలకు పాకిన తర్వాత ఈ సంఖ్య సుమారు మూడుకు పడిపోతోంది. శస్త్రచికిత్స, కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ మందులు ప్రధాన చికిత్సలు. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ వైద్యం లభిస్తుంది. అర్హులైన కుటుంబాలకు ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు.