అద్భుతకథలయందు హద్దు

కల్పితలోకమున మాయ యేమి చేయఁగలదో చెప్పుట సులభము. ఏమి చేయలేదో నిర్ణయించి, ఆ నిర్ణయమునకుఁ గడదాఁక కట్టుపడియుండుటయే కష్టము. ఇందులకు 11వ శతాబ్దమున సోమదేవుఁడు రచించిన కథాసరిత్సాగరమునందలి భేతాళకథలకంటె మేలైన నిదర్శనము నాకుఁ గానరాదు.

త్రివిక్రమసేనుఁడు శింశపావృక్షముననున్న శవమును భుజముపై మోసికొని క్షాంతిశీలుఁడను భిక్షువుకడకుఁ జేర్పవలెను. దారిలో నోరు విప్పెనా, శవమునందలి భేతాళుఁడు మరలఁ జెట్టెక్కును. ప్రశ్నకు సమాధాన మెఱిఁగియు నూరకుండెనా, రాజు తల వ్రక్కలగును. ఈ రెండవ కట్టడియే లేనిచో రాజు మాటాడక నడచిపోయెడివాఁడు. కథ మొదటి ప్రశ్నతోనే ముగిసెడిది. మొదటిది లేనిచో ప్రశ్నలన్నియు వట్టి కాలక్షేపములు. రెంటినడుమ రాజును జిక్కించినది అతని వివేకమే. మూఢుఁడైనచో నొక్క గడియలో శ్మశానము చేరియుండును!

ఇంక విడుదల యెట్లు? చేతకాని కథకుఁ డిచ్చట నొక దేవతను దింపి వర మిప్పించును. సోమదేవుఁ డట్లు చేయలేదు. ఒక తండ్రి యొక కన్యను, అతని కుమారుఁ డా కన్య తల్లిని బెండ్లాడిరి. వారి సంతానమునకుఁ బరస్పరము వావి యేమని భేతాళుఁ డడిగెను. రాజునకుఁ దోఁచలేదు. తెలియనివాఁడు పలుకకున్నచో శాపము తగులదు గదా! కట్టడి చెక్కుచెదరకుండఁగనే దారి దొరకెను. భిక్షువు రాజును బలియీయఁ దలఁచినాఁడన్న రహస్యమును భేతాళుఁడు మెచ్చి వెల్లడించినది యా మౌనమునకుఁ దరువాతనే.