సాసేజ్ తొడుగులో కిడ్నీ

1948 జనవరిలో న్యూయార్క్‌లోని మౌంట్ సైనై ఆసుపత్రిలో ఒక రోగి రక్తాన్ని ఒంట్లోంచి బయటికి తీసి, శుభ్రం చేసి, మళ్లీ ఒంట్లోకి పంపారు. అమెరికాలో అదే మొదటి డయాలసిస్. ఆ యంత్రం నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. జర్మన్ సైన్యం ఊళ్లో తిరుగుతుండగా, ఆ సైన్యానికి ఎదురు నిలిచిన ఒక డాక్టరు దాన్ని రూపొందించారు.

విలెం కోల్ఫ్ 1938లో గ్రోనింగెన్‌లో కుర్ర డాక్టరు. కిడ్నీలు చెడిన ఇరవై రెండేళ్ల రైతుబిడ్డ ఒకడు ఆయన చేతుల్లోనే పోయాడు. రోజుకు ఓ ఇరవై గ్రాముల యూరియా తీసేయగలిగితే బతికేవాడే అన్న ఆలోచన ఆయన్ను పట్టుకుని వదల్లేదు. 1940లో జర్మన్లు దేశాన్ని ఆక్రమించారు. కోల్ఫ్ పైన ఉన్న పెద్ద డాక్టరు యూదుడు; ఆయన భార్యతో సహా ప్రాణం తీసుకున్నారు. ఆ కుర్చీలో ఒక నాజీని కూర్చోబెడితే, అతని కింద పనిచేయనని కోల్ఫ్ కాంపెన్ అనే చిన్న ఊరికి వెళ్లిపోయారు. అక్కడ ప్రతిఘటన ఉద్యమంలో పాలుపంచుకుంటూనే యంత్రం పని మొదలుపెట్టారు.

యుద్ధకాలం, ఏ వస్తువూ దొరకదు. సాసేజ్‌లకు తొడిగే సెల్లోఫేన్ గొట్టం మాత్రం దొరికింది. దాని గోడలోని సూక్ష్మ రంధ్రాల్లోంచి యూరియా బయటికి జారుతుంది, రక్తకణాలు జారవు. అలాంటి గొట్టాన్ని ఇరవై మీటర్ల పొడవున చెక్క పట్టీల డ్రమ్ముకు చుట్టారు. డ్రమ్ము అడుగుభాగం ఉప్పునీటి తొట్టిలో మునిగి ఉంటుంది. డ్రమ్ము తిరిగేకొద్దీ రక్తం బరువుకు కిందికి జారుతూ, ఒక్కో చుట్టే దాటుతూ ఈ కొస నుంచి ఆ కొసకు చేరుతుంది. తిరిగే డ్రమ్ముకు, రోగికి కలిపిన కదలని గొట్టానికి మధ్య రక్తం కారకుండా అతుకు ఎలా? పాత ఫోర్డ్ కారు నీటి పంపులో ఉన్న ఏర్పాటే దారి చూపింది. తొట్టి సంగతి ఊళ్లోని ఎనామిల్ ఫ్యాక్టరీ చూసుకుంది.

1943 మార్చిలో తొలి రోగికి వాడారు. మొదటి పదహారు మందిలో పదిహేను మంది చనిపోయారు. ఆయన ఆపలేదు. 1945 సెప్టెంబరులో అరవై ఏడేళ్ల స్త్రీ స్పృహ లేని స్థితిలో వచ్చింది. నాజీలకు సహకరించి జైలుపాలైన మనిషి. పదకొండు గంటల డయాలసిస్ తర్వాత కళ్లు తెరిచింది, ఆపై ఏళ్ల తరబడి బతికింది. ఈ కథలో నన్ను అన్నిటికన్నా కదిలించేది ఇదే: ఆ యంత్రం నిస్సందేహంగా కాపాడిన తొలి ప్రాణం శత్రుపక్షానిది.

కోల్ఫ్ పేటెంట్ తీసుకోలేదు. యంత్రాలను ఉచితంగా పంపారు, నమూనా చిత్రాలు అడిగినవారికి ఇచ్చారు. వాటితోనే బోస్టన్‌లోని బ్రిగమ్ ఆసుపత్రి స్టీలు డ్రమ్ముతో మెరుగైన యంత్రం చేయించింది. కొరియా యుద్ధంలో కిడ్నీలు ఆగిపోయిన సైనికులకు అదే దిక్కయింది. 1950లో ఆయనే అమెరికా వచ్చారు. 1956లో క్లీవ్‌లాండ్‌లో పండ్లరసం డబ్బా చుట్టూ సెల్లోఫేన్ చుట్టి, వాడి పారేయగల కిడ్నీ తయారుచేశారు. తర్వాత యూటాలో ఆయన బృందం కృత్రిమ గుండె మీద పనిచేసింది.

1960లో సియాటిల్ డాక్టరు స్క్రిబ్నర్ టెఫ్లాన్ గొట్టాన్ని చేతి రక్తనాళాల్లో శాశ్వతంగా అమర్చడంతో ఏళ్ల తరబడి డయాలసిస్ సాధ్యమైంది. 1972లో అమెరికా చట్టం ఆ ఖర్చును ప్రభుత్వం మీద వేసింది. డ్రమ్ము స్థానంలో వెంట్రుకంత సన్నని వేల గొట్టాలు వచ్చాయి. ఇవాళ కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల్లోంచి డయాలసిస్‌కు వచ్చే రోగి పక్కన ఉండే ఫిల్టరు అదే.