వార్తల్లో పదం: ఎన్‌ఎంఎంఎస్

పూర్తి పేరు నేషనల్ మొబైల్ మానిటరింగ్ సిస్టమ్. ఉపాధి హామీ కూలీలకు హాజరు వేసే యాప్. 2021లో వచ్చింది. 2023 జనవరి 1 నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప, అన్నిచోట్లా తప్పనిసరి చేశారు. కూలీల పని చూసుకునే మేటు రోజుకు రెండుసార్లు పనిచోటనే వాళ్ల ఫొటో తీయాలి.

దొంగ మస్తర్లకు ఇది కళ్లెమన్నారు. కానీ 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే, పనితో సంబంధం లేని ఫొటోలూ, ఫొటోకి తీసిన ఫొటోలూ ఎక్కుతున్నాయని రాష్ట్రాలకు రాసింది!

సిక్కోలు, విజయనగరం పల్లెల్లో వేసవిలో పొద్దెక్కకముందే చెరువు పనికి దిగుతారు. కూలి కొలతను బట్టే. మరి గొయ్యి తవ్వడం అయిపోయాక ఎండలో రెండో ఫొటో కోసం ఆగడమెందుకు? సీతంపేట కొండల్లోనైతే ఫొటో ఎక్కించాలంటే ముందు సిగ్నల్ దొరకాలి. ఫొటో మనిషిని చూపిస్తుంది గానీ తవ్విన మట్టిని కొలవదు. ఆ పనికి టేపు పట్టుకొని మనిషే రావాలి.