తైలం మీది, పేరు ఎవరిది?

గుంటగలగరాకు, ఉసిరిక, మందారపూలు కొబ్బరినూనెలో కాచి ఇరుగుపొరుగు వారికి ఇచ్చే గృహిణులు మన పాఠకులలో ఎందరో ఉన్నారు. తైలం గుణమిచ్చిందన్న మాట పాకినకొద్దీ అడిగేవారు పెరుగుతారు. సీసాలు వస్తాయి, చీటీలు వస్తాయి, తైలానికొక పేరు స్థిరపడుతుంది. రేపు వేరొకరు అదే పేరుతో సీసాలు నింపి అమ్మితే అడ్డుకొనే హక్కు మనకున్నదా?

చాలామంది తైలయోగమే తమ సొత్తని, దానికి పేటెంటు పొందవచ్చునని భావిస్తారు. అది పొరపాటు. పసుపుతో గాయాలు మాన్పే పద్ధతిపై 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి పేటెంటు లభించింది. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి ప్రాచీన గ్రంథాలను, 1953 నాటి ఒక భారతీయ వైద్య వ్యాసాన్ని సాక్ష్యంగా చూపగా, 1997లో అమెరికా పేటెంటు కార్యాలయం దానిని తోసిపుచ్చింది. మనమంతా సంతోషించాము. ఆ న్యాయమే మనకూ వర్తిస్తుందని గ్రహించినవారు మాత్రం తక్కువ. పరంపరాగత జ్ఞానం నూతన కల్పన కాదని మన పేటెంటు చట్టంలోని 3(పి) విభాగం చెబుతున్నది. అమ్మమ్మ నేర్పిన యోగం ఎంత గుణమిచ్చినా దానికి పేటెంటు రాదు.

పోనీ, రహస్యంగా ఉంచుదామా? ఆయుర్వేద ఔషధంగా అమ్మే సరుకుపై ద్రవ్యాల పేర్లు, పరిమాణాలు తెలుపవలెనని ఔషధ నిబంధనలు శాసిస్తున్నవి. (అమ్మకానికి తయారుచేయుటకు లైసెన్సు కావలెనన్నది వేరే సంగతి; దానిని ఉపేక్షించరాదు.) ఇక దాచగలిగినది చేతి ఒడుపు మాత్రమే. కల్కం ఎంత మెత్తగా నూరాలి, మంట ఎప్పుడు తగ్గించాలి, నూనెను మధ్యమపాకంలో దించాలా, ఖరపాకం దాకా ఉంచాలా అన్నవి సీసాపై అచ్చుకావు. వ్యాపార రహస్యాలకు మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. న్యాయస్థానాలు ప్రధానంగా ఒప్పందాన్నే చూస్తాయి. కనుక సహాయకులను పెట్టుకొనే ముందే, అయినవారైనా సరే, కాగితం వ్రాయించుకొనడం మంచిది. మొగమాటం ఇక్కడ పనికిరాదు.

అన్నింటికంటె విలువైనది పేరు. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం ప్రారంభించారు. ఆ రాబడే తరువాత ‘ఆంధ్రపత్రిక’కు అండగా నిలిచింది. కర్పూరం, పుదీనాపువ్వు ఏ అంగడిలోనైనా దొరుకుతాయి. తలనొప్పి వచ్చినప్పుడు మన ఇళ్లలో అడిగేది మాత్రం ఆ పేరునే.

పేరు ఎంచుకొనడంలోనే సగం రక్షణ ఉన్నది. త్రిఫలాచూర్ణం, చ్యవనప్రాశ వంటి శాస్త్రీయ నామాలు అందరివీ. ‘కేశవర్ధని’ వంటి గుణవాచకాలతోనూ చిక్కే. సరుకును వర్ణించని, మీరే కల్పించిన మాట మేలు. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం కింద నమోదైతే పదేళ్లపాటు హక్కు ఉంటుంది, పదేళ్లకొకసారి పొడిగించుకొనవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాసులకు సంబంధించిన కార్యాలయం చెన్నైలో ఉన్నది. దరఖాస్తు ఆన్‌లైనులోనే పంపవచ్చు. అంతకుముందే ఆ పేరు మరెవరైనా నమోదు చేసుకొన్నారేమో వెతికి చూడవలెను. తలకు రాసే మామూలు నూనె మూడవ తరగతి కిందికి, ఔషధ తైలం అయిదవ తరగతి కిందికి వస్తాయి.

నమోదు ఆలస్యమైనా, ఆ పేరును ముందునుంచి వాడుతున్నవారికి చట్టంలో కొంత బలమున్నది. అయితే ఎప్పటినుంచి వాడుతున్నదీ రుజువు చేయవలసిన బాధ్యత వారిదే. తొలినాటి సీసా చీటీ, అచ్చువేయించిన బిల్లు, తేదీ ఉన్న రసీదు పుస్తకం పాతకాగితాల వానికి వేయకండి.